అన్నియు భాగములేనా?

ఆంగ్లపాఠము చెప్పిన పిదప కఠినపదములకు తెలుగున అర్థములు వ్రాయించుట మన పాఠశాలలలో చిరకాలముగా నున్న ఆచారము. ఆచారము చెడ్డది కాదు. కాని ఏ విద్యార్థి నోటుపుస్తకమునైనను తెరచి చూడుడు. పార్ట్ అనగా భాగము. పోర్షన్ అనగా భాగము. సెక్షన్ అనగా భాగము. సెగ్మెంట్, కాంపొనెంట్, ఫ్రాగ్మెంట్, ఇవియు భాగములే. పీస్ అను పదమొక్కటి మాత్రము ముక్కయై బ్రతికిపోయినది. అంగడిలో దొరకు గైడులు ఈ విషయమున నోటుపుస్తకముల కంటె మెరుగుగా లేవు. ఆరు పదములకు ఒకే అర్థము నేర్చిన బాలుడు ఆరింటిలో ఏది ముందుగా జ్ఞాపకము వచ్చిన దానినే వాడును. పగిలిన కూజా పోర్షనులను ఏరితిమనియు, పాఠమున మొదటి ఫ్రాగ్మెంటు చదివితిమనియు వ్రాయును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును గాని, అది ఎందుకు తప్పో చెప్పుటకు ఆయనయొద్దను ‘భాగము’ తప్ప మరియొక మాట లేదు.

నష్టము ఆంగ్లమునకు మాత్రమే యైనచో ఇంత విచారింప బనిలేదు. అన్నిటిని భాగములనుటకు అలవాటుపడిన పిల్లవానికి తెలుగులోనున్న తునక, తొన, బద్ద, చెక్క, పెంకు, పెచ్చు, పాలు, వంతు అను మాటలును క్రమముగా మరుగుపడుచున్నవి. ఒక తప్పుడు అర్థము రెండు భాషలను బీదవానిగా చేయుచున్నది.

పర్యాయపదకోశములు చూచుకొమ్మని కొందరు సలహా చెప్పుదురు. 1852లో లండనునందు వెలువడిన పీటర్ మార్క్ రోజే కోశమున మొత్తమునకు ఒక శీర్షికయు, భాగమునకు దాని ప్రక్కనే మరియొక శీర్షికయు గలవు. (మన బ్రౌను దొర తెలుగు-ఆంగ్ల నిఘంటువు మద్రాసున వెలువడినదియు ఆ సంవత్సరమే.) అట్టి కోశము పదములను ఒకచోట కుప్పపోయును, వాని భేదము తెలిసినవానికి మరచిన మాటను గుర్తుచేయును. తెలియనివానికి కుప్పయే మిగులును.

భేదము తెలియుటకు అడుగవలసిన ప్రశ్న యొక్కటియే. ఈ వస్తువు మొత్తమునుండి ఎట్లు విడినది? అసలు విడినదా, విడకయే యున్నదా?

నారింజపండును చూడుడు. తొక్క ఒలువక పూర్వమే అందు తొనలున్నవి. మనము వానిని వేరుచేసితిమే గాని పుట్టింపలేదు. ఆంగ్లమున దానిని సెగ్మెంట్ అందురు. అదే పండును కత్తితో అడ్డముగా కోసినచో వచ్చునది ముక్క, అనగా పీస్; అది కత్తి చేసిన పని. పనసకు తొన, వెల్లుల్లికి రెబ్బ, కొబ్బరికి చెక్క, వెదురుకు బద్ద అని పేర్లు పెట్టిన మన తల్లులు ఏ వ్యాకరణమును చదువలేదు. ఏది తనంతట విడునో, ఏది కొట్టిన పగులునో, ఏది నిలువున చీలునో వారి చేతులకు తెలియును. కూజా పగిలినప్పుడు వచ్చునవి పెంకులు. వాని ఆకారమును ఎవ్వరును నిర్ణయింపలేదు. ఫ్రాగ్మెంట్ అను మాట ఇచ్చటిది. శాసనశకలము అన్నప్పుడు మన శకలశబ్దము చేయునదియు ఆ పనియే.

ఇచ్చట నొక చిత్రము. లాటినుభాషలో విరుగగొట్టుట యను నర్థము గల క్రియనుండియే ఫ్రాగ్మెంట్, ఫ్రాక్షన్ అను రెండు మాటలును పుట్టినవి. మన గణితజ్ఞులు ఫ్రాక్షనును భిన్నమనిరి. అది భిద్ ధాతువునుండి వచ్చినది. దానికిని చీల్చుట, పగులగొట్టుట అనియే అర్థము. భిన్నమున పైనుండు లవము కోయుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. రెండు జాతులును సంఖ్యను మట్టికుండవలెనే భావించినవి! అయినను వ్యుత్పత్తి చెప్పి ఊరకున్నచో విద్యార్థి మరల పొరపడును. పెంకునకు కొలత లేదు. ముప్పాతికకు కొలత తప్ప మరేమియు లేదు.

కొలత విషయమున మన పూర్వులెంత జాగరూకులో అర్ధశబ్దమే సాక్షి. అది నపుంసకలింగమున సరిసమానమైన సగమును, పుంలింగమున ఏదో యొక తునకను తెలుపునని అమరసింహుడు విభజించి చెప్పెను. పాణినియు నపుంసకమైన అర్ధశబ్దమునకు వేరుగా సమాసవిధి చేసెను. లింగభేదముచేతనే సగమును తునకనుండి వేరుచేసిన సంప్రదాయము మనది. ఆ సంప్రదాయమునకు వారసులమైన మనము ఆరు మాటలకు ఒక్క అర్థము వ్రాయించుచున్నాము.

గణితపు తరగతిలో ఈ అలసత్వము చెల్లదు. వృత్తమును ఒక జ్యా ఖండించినచో ఏర్పడునది సెగ్మెంట్, వృత్తఖండము. రెండు వ్యాసార్ధముల నడుమ నున్నది సెక్టర్. రెండింటిని ‘వృత్తభాగము’ అని వ్రాసినవాడు వైశాల్యము కట్టునప్పుడు ఏ సూత్రము వాడును? గణితోపాధ్యాయుడు పట్టుబట్టి నేర్పు భేదమును భాషోపాధ్యాయుడు వదలివేయుట న్యాయమా?

అన్నిటికంటె గంభీరమైనది షేర్ అను మాట. దీనికి వాటా, పాలు, వంతు అని మూడు చక్కని మాటలు మనకున్నవి. ముక్కకును వాటాకును గల భేదము ఇది: ముక్క యేర్పడుటకు ముందు కోత జరుగవలెను, వాటాకు ఏ కోతయు అక్కరలేదు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి పొలమున గట్టు వేయకున్నను ఒక్కొక్కనికి నాల్గవ వంతు కలదు. అది పొలమున ఏ మూలనున్నదని అడిగిన, ఏ మూలను లేదు, అంతటను ఉన్నది. పంపకము జరిగి హద్దులు నాటిన పిమ్మటనే ‘తూర్పువైపు చెక్క’ పుట్టును. అప్పుడది పోర్షన్. నేడు నగరమున అంతస్తుల భవనమున ఇల్లు కొన్నవానికి భూమిలో లభించునదియు సాధారణముగా అవిభక్తమైన వాటాయే గాని ముక్క కాదు. దస్తావేజు చదువక సంతకము చేసినవారికి ఈ భేదము ఆలస్యముగా తెలియును.

హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణచే ఇచ్చెను. ఆనాటికి వివాహితలైనవారికి అది వర్తింపలేదు. దేశమంతటికిని 2005లో కేంద్ర సవరణ వచ్చెను. ఆ స్త్రీకి కలిగినది వాటా. ‘ఆమెకొక ముక్క పడవేసితిమి’ అని పెద్దలనుట లోకమున వినబడుచునే యున్నది. ముక్క ఇచ్చువాని దయనుబట్టి యుండును. వాటా పుట్టుకతో వచ్చును. ఈ రెండు మాటల నడుమనున్న దూరము ఇంటి ఆడపడుచునకు తెలిసినంతగా నిఘంటుకారునకు తెలియదు.

వాడుకలో కలిసిపోయిన ఆంగ్లపదములను గమనించినచో ఆశ్చర్యము కలుగును. ఇల్లు అద్దెకిచ్చువారు ‘ముందు పోర్షను ఖాళీగానున్నది’ అందురు. వెనుకటివారు దానినే వాటా యనిరి. సైకిలు బాగుచేయువాడు పార్టులు మార్చును. బట్టలకొట్టులో దొరకునది జాకెట్టు పీసు. రైతుబజారు వద్ద ఎక్కునది షేరు ఆటో. పదవతరగతి ఉపాధ్యాయుడు పరీక్షలకు ముందు ‘పోర్షను పూర్తికాలేదు’ అని బాధపడును. వీరిలో ఎవ్వరును ఒకదాని బదులు మరియొకదానిని వాడరు. సైకిలు పోర్షనులు మార్చితినను మెకానిక్కును ఎచ్చటనైనను చూచితిమా? పనితో నేర్చిన మాట చెడదు; అర్థముల పట్టికతో నేర్చిన మాటయే చెడుచున్నది.

గ్రంథములను విభజించుటయందును ఇట్టి వివేకమే యున్నది. పర్వమనగా చెరకుగడకు గల కణుపు. కాండమనగా రెండు కణుపుల నడిమి భాగము. స్కంధమనగా చెట్టుబోదె. ఆంధ్రమహాభారతము పదునెనిమిది పర్వములు, అరువదిమూడు ఆశ్వాసములు. ఆశ్వాసమన్నచో కోతయే లేదు, ఊపిరి తీసికొనుట యున్నది. రాజ్యాంగమున మూడవ భాగము ప్రాథమికహక్కులను గూర్చినది. అందున్నవి 12 మొదలు 35 వరకుగల అధికరణములు. చట్టములకు సెక్షనులుండును. రాజ్యాంగమున ఇరువదియొకటవ సెక్షనని వ్రాసిన విద్యార్థి ఒక్క మాటనే తప్పినను, ఏ గ్రంథమును గూర్చి వ్రాయుచున్నాడో తెలియనివాడుగా కనబడును.

కాంపొనెంట్, ఎలిమెంట్ అనువానిని గూర్చి కొద్దిమాటలు చాలును. కూర్చుటకు సిద్ధమైనది మొదటిది. అంతకంటె విడదీయుటకు వీలులేనిదని తలచినది రెండవది. అందుచేతనే రసాయనశాస్త్రమున దానిని మూలకమనిరి. సాంబారులో ఉప్పు ఈ రెండును కాదు, దినుసు. ఉప్పును సాంబారులో భాగమనుటకు మన వంటయిండ్లు ఇంకను అంగీకరింపలేదు.

ఆంగ్లోపాధ్యాయులకును తెలుగు ఉపాధ్యాయులకును మా సూచన యొక్కటి. అర్థము వ్రాయించుటకు బదులు ఒక కొబ్బరికాయను, ఒక నారింజను, పగిలిన పలకను, చిన్న పొలపు పటమును తరగతిలో ముందు పెట్టుడు. ఒక్కొక్కదానిని విడదీసి, వచ్చినదానికి పేరేమని తెలుగున అడుగుడు. కోస్తా పిల్లవాడొక మాట చెప్పును, తెలంగాణ పిల్లవాడు వేరొకటి చెప్పును, రాయలసీమవాడు రెంటిని కాదనును. అన్నిటిని నల్లబల్లపై వ్రాయుడు. ప్రతి మాటకు ఎదురుగా తగిన ఆంగ్లపదమును చేర్చుట మరునాటి పాఠము.