పన్ను పీకించుకోవడం దగ్గరే, పెట్టించుకోవడమే దూరం

గురజాల దగ్గర తండా మాది. నానమ్మని మేం దాదీ అంటాం. 2019లో మొదలైన కంటి వెలుగు, స్కూలు పిల్లల తర్వాత అవ్వాతాతల దాకా వచ్చింది. దాదీకి అద్దాలు ఇచ్చారు. ఇప్పుడు పళ్ళెంలో జొన్న రొట్టె బాగా కనిపిస్తుంది, కొరకడానికే పళ్ళు లేవు. పులుసులో నానబెట్టుకుని మింగుతుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం కూడా మానేసింది. అడిగితే "ముసలిదాన్ని, నాకెందుకురా పళ్ళు" అంటుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి వాళ్ళు ఒకరుంటారు. వయసు వల్ల పళ్ళు ఊడవు మిత్రులారా. చిగుళ్ళ జబ్బు, పుచ్చు, పొగాకు వల్ల ఊడతాయి. మన పల్నాడులో పంటి బాధ ఏదొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ళని తిట్టి ఊరుకుంటాం. ఫ్లోరైడ్ పళ్ళకి మచ్చలు తెస్తుంది, ఆ పోరాటం వేరే ఉంది. కానీ కదిలి ఊడిపోయే పళ్ళలో ఎక్కువ భాగం చిగుళ్ళ జబ్బువే. దానికి మొదట్లోనే వైద్యం ఉంది. మనం నొప్పి భరించలేనప్పుడు వెళ్తాం, అప్పటికి పీకడమే మిగులుతుంది.

పీకేశాక ఏం చెయ్యాలో మనకి ఎవరూ చెప్పరు. ఖాళీ వదిలేస్తే పక్క పళ్ళు అందులోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, దవడ ఎముక అరిగిపోతుంది. దారులు మూడున్నాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు అన్నిటికంటే చవక. రాత్రి తీసి నీళ్ళలో వెయ్యాలి, రోజూ కడగాలి. రెండోది బ్రిడ్జి. అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి, వాటి మీద తొడుగులేసి మధ్యలో పన్ను నిలబెడతారు. మూడోది ఇంప్లాంట్. ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, అది అతుక్కోడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, పైన పన్ను పెడతారు. ఇదేదో నిన్న మొన్న వచ్చింది అనుకోకండి. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1965లోనే ఒక మనిషికి పెట్టాడు. ఖరీదెక్కువ, షుగర్ అదుపులో లేనివాళ్ళకి, పొగాకు మాననివాళ్ళకి నిలవడం కష్టం. గుట్కా తినే తమ్ముళ్ళకి ఇంకో మాట. వక్కపొడి వల్ల నోరు బిగుసుకుపోయే జబ్బు వస్తే, నోరు తెరుచుకోక ఏ పళ్ళూ పెట్టడం కుదరదు.

ఈ మూడూ తెలియకే మా మామ నాలుగోదారి పట్టాడు. బండి మీద నుంచి పడి ముందు పన్ను పోతే, సంతలో కూర్చునే మనిషి దగ్గర ఒక్క పూటలో పెట్టించుకున్నాడు. ఆ మనిషి ప్లాస్టిక్ పిండి కలిపి పక్క పళ్ళకి అంటించేశాడు. కింద అన్నం ఇరుక్కుని చిగురు కుళ్ళింది. రెండేళ్ళలో అటూ ఇటూ పళ్ళు కూడా పోయాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు పంటి వైద్యం చెయ్యకూడదని 1948 నుంచే చట్టం ఉంది. మామని తిట్టి లాభం లేదు. ఆయన ఊరికి చేరువలో పన్ను పెట్టే మనిషి ఆ ఒక్కడే.

పీకించుకోడానికి నేను దాదీని ఒక సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పీకారు, డబ్బు తీసుకోలేదు. సెట్టు గురించి అడిగితే "ఇక్కడ చెయ్యరు బాబూ, విజయవాడ వెళ్ళండి" అన్నారు. అక్కడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, బయట క్లినిక్‌ల కంటే బాగా తక్కువలో అవుతుంది. కానీ పూర్తి సెట్టు ఒక్క రోజులో వచ్చేది కాదు. మొదటి కొలత, రెండో కొలత, దవడ కలిపి చూడటం, మైనంతో సరిచూడటం, చివరికి పెట్టడం. తక్కువలో తక్కువ ఐదుసార్లు వెళ్ళాలి. ఒరుసుకుంటే మళ్ళీ సరిచేయించుకోవాలి. ప్రతిసారీ దాదీతో పాటు ఇంకొకరు, ఇద్దరి బస్సు ఛార్జీలు, మిరప కోతల్లో ఇద్దరి కూలి. ఈ లెక్క వేసుకున్నాకే దాదీ "నాకెందుకురా" అందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పేదవాళ్ళకి పళ్ళెందుకు అని అన్ని రాష్ట్రాలూ అనుకోలేదు. కర్ణాటకలో దంత భాగ్య, కేరళలో మందహాసం పేర్లతో పేద వృద్ధులకి ఉచితంగా కట్టుడు పళ్ళు ఇచ్చే పథకాలు పెట్టారు. కళ్ళజోడు ఊరికి తెచ్చి ఇచ్చిన ప్రభుత్వం, పంటి కొలతలు తీసే డాక్టర్ని కూడా తేగలదు. మనం అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. డెంటల్ కాలేజీ బృందం నెలకోసారి గురజాల వచ్చి ఇక్కడే కొలతలు తీసి, ఇక్కడే సెట్టు పెట్టి వెళ్ళాలి. తండాలకి, చెంచు గూడేలకి, యానాది కాలనీలకి ఆ తేదీ ముందుగా తెలియాలి. ఊరికే పళ్ళు చూసి పేస్టు పంచి ఫొటో దిగే క్యాంపులు మనకొద్దు, అవి చాలా చూశాం.

గురజాల ఆర్డీవో ఆఫీసులో సోమవారం ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. దాదీ మొదటి వేలిముద్ర వేస్తానంది. మీ తండాలో, గూడెంలో నమల్లేకుండా ఉన్నవాళ్ళు ఎంతమందో ఇంటింటికీ వెళ్ళి అడగండి. పేరు, వయసు, పైపళ్ళా కిందిపళ్ళా, ఎన్ని పోయాయి, ఇవి రాసుకు రండి. ముసలివాళ్ళనే కాదు, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే మన వయసు పిల్లల్ని కూడా అడగండి.