రిపోర్టు చేతికిచ్చి పంపితే సరిపోదు

ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి మందుల షాపుల ముందు, ప్లాస్టిక్ కవర్లలో రిపోర్టులు పట్టుకుని నిలబడ్డవాళ్లు అఫ్జల్‌గంజ్ మీదుగా తిరిగేవాళ్లకు రోజూ కనబడుతూనే ఉంటారు. మందుల చీటీతో పాటు రిపోర్టు కూడా కౌంటరు వెనకున్న కుర్రాడికే చూపించి "గిందుల ఏం రాసిండ్రు తమ్మీ?" అని అడుగుతారు. జ్వరానికో షుగరుకో అది కొంతవరకు చెల్లుతుందేమో గాని, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు చెల్లదు. అది ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బు. పెద్దపేగు లోపలికి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ ఒక్కసారితో అయిపోదు. ప్రతిసారీ చేతికొచ్చే ఆ ఇంగ్లిషు కాగితంలో ఏముందో తెలియకపోతే మనిషి లేని భయమైనా పెట్టుకుంటాడు, లేని ధైర్యమైనా తెచ్చుకుంటాడు. రెండిటితోనూ నష్టమే.

పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారడం ఈ జబ్బు లక్షణం. మలాశయంలో మొదలై, మధ్యలో ఎడం లేకుండా పైకి పాకుతుంది. పాతబస్తీలో నెత్తురు పడగానే ముందు మొలలనుకుంటారు, కాకపోతే వేడి చేసిందంటారు. బంక విరేచనాలని మాత్రలు తెచ్చుకుని మింగుతారు. నెలలు గడిచి ఒళ్లు గుల్లయ్యాక గాని స్కోపు దాకా రారు. ఇది తెల్లదొరల దేశాల జబ్బు, పట్నాల్లో డబ్బున్నవాళ్ల జబ్బు అని ఒకప్పుడు గట్టి నమ్మకం. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని నిలవనియ్యలేదు. పేగు బాధలున్న 30 వేల మందికి పైగా జనాన్ని పల్లెల్లోనూ పట్నంలోనూ పరీక్షిస్తే, నూటికి అయిదుగురికి పైగా ఈ కోవకు చెందిన పేగువాపు జబ్బులు బయటపడ్డాయి. పల్లెకూ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

గౌలిపురాలో మాకు తెలిసిన ఒకామె పోయిన ఏడు తన రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నా, పాలిప్స్ అని రాసిండ్రు. క్యాన్సరేనా? పిల్లలకు చెప్పాల్నా వద్దా?" అంది. నాలుగు రాత్రుల నుంచి నిద్ర లేదట. అక్కడ రాసి ఉన్నది సూడోపాలిప్స్ అని. పుండ్లు పడి మానే క్రమంలో, వాటి నడుమ మిగిలిపోయిన పొర బుడిపెల్లా లేచి నిలబడుతుంది. ఒకప్పుడు వాపు గట్టిగానే ఉండిందనడానికి అవి గుర్తు. అవి క్యాన్సర్ కావు. ఆమె నిజంగా పట్టించుకోవలసిన వాక్యం అదే కాగితంలో పైన, చిన్న అక్షరాల్లో ఉంది: పేగు సరిగా శుభ్రం కాలేదు, కుడివైపు భాగం స్పష్టంగా కనిపించలేదు అని. ఆ వాక్యాన్ని ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. భయపడనక్కర్లేని మాటకు భయపడింది, మళ్లీ వెళ్లి చూపించుకోవలసిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

అందుకే రిపోర్టు చదవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలంటాను. స్కోపు పెద్దపేగు మొదలయ్యే చోటైన సీకం దాకా వెళ్లిందా? చిన్నపేగు చివరి భాగం చూశారా? పేగు ఎంత శుభ్రంగా ఉంది? శుభ్రతకు బోస్టన్ స్కోరని ఒకటి వేస్తారు. పేగును మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా, మొత్తం తొమ్మిదికి. ఇది తక్కువుంటే కింద రాసిన "ఏమీ కనబడలేదు" అన్న మాట బరువు తగ్గిపోతుంది. ముందురోజు ఆ ఉప్పటి మందునీళ్లు తాగడం ఎంత కష్టమో తాగినవాళ్లకే తెలుసు. ఇరుకింట్లో, ఒక్క బాత్‌రూమును నలుగురైదుగురు వాడుకునే చోట, కొత్త కోడలికి ఆ కష్టం ఇంకో పాలు ఎక్కువ. సగం తాగి సగం పారబోశానని సిగ్గుపడి డాక్టరుకు చెప్పనివాళ్లూ ఉన్నారు. చెప్పడమే మంచిది.

తర్వాత చూడాల్సినవి రెండు. వాపు ఎంత దూరం పాకింది, ఎంత తీవ్రంగా ఉంది. మలాశయం వరకే ఉంటే ఇ1, ఎడమవైపు వరకు ఉంటే ఇ2, అది దాటితే ఇ3 అని రాస్తారు. తీవ్రతకు మేయో స్కోరు, సున్నా నుంచి మూడు. ఆరోగ్యంగా ఉన్న పేగు గోడ మీద సన్నటి రక్తనాళాలు రావి ఆకు ఈనెల్లా కనబడతాయి. ఒకటిలో ఆ ఈనెలు మసకబారి పొర ఎర్రబడుతుంది. రెండులో అవి పూర్తిగా మాయమై, పొర పైపైన చిట్లి, స్కోపు తగిలితే చాలు నెత్తురొస్తుంది. మూడులో పుండ్లు పడి, తాకకుండానే నెత్తురు కారుతుంది. దూరం, తీవ్రత వేర్వేరు లెక్కలని చాలామందికి తెలియదు. మలాశయం వరకే ఉండి మూడు వచ్చిన మనిషి ఉండొచ్చు, పేగంతా పాకి ఒకటి వచ్చిన మనిషీ ఉండొచ్చు.

సున్నా వచ్చినవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు. "అంతా నార్మల్ అన్నరు" అని సంబరపడి మెసలమిన్ మాత్రలు ఆపేస్తారు. ఆ నార్మల్ చాలావరకు ఆ మాత్రలు తెచ్చిపెట్టిందే. కంటికి బాగున్న పొరలో కూడా సూక్ష్మదర్శిని కింద వాపు మిగిలి ఉండొచ్చు. అందుకే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు కొన్ని రోజుల తర్వాత విడిగా వస్తుంది, దాన్ని తెచ్చుకోవడానికి తిరిగి వెళ్లనివాళ్లు ఎందరో. మన దగ్గర బయాప్సీ అవసరం మరింత ఎక్కువ. పేగు క్షయ, అమీబా పుండ్లు ఈ నేల మీద ఇంకా ఉన్నాయి. వాటిని కొలైటిస్ అనుకుని స్టెరాయిడ్లు వాడితే ప్రాణం మీదికొస్తుంది.

పాత రిపోర్టు దాచిపెట్టుకోమని కూడా నేను పదేపదే చెబుతుంటాను. ఎనిమా మందు పెట్టుకుంటున్నవాళ్లలో మలాశయం ముందుగా మాని, పైభాగంలో ఎరుపు మిగలొచ్చు. పాత కాగితం లేని కొత్త డాక్టరుకు అది మధ్యమధ్య ఎడం వదిలి వచ్చే క్రోన్స్ అనే ఇంకో పేగువాపు జబ్బులా అనిపించే అవకాశం ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. జబ్బు మలాశయం దాటి పాకినవాళ్లు, లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు, ఒంట్లో బాగున్నా సరే, క్యాన్సర్ ముందస్తు మార్పులేమైనా ఉన్నాయేమో చూపించుకోవాలి. పిత్తనాళాలు బిగుసుకుపోయే పీఎస్‌సీ అనే కాలేయ జబ్బు కూడా ఉంటే ఎనిమిదేళ్లు ఆగకుండా ఏటా చూపించుకోవాలి. మొదటిసారి నెత్తురు ఎప్పుడు పడిందో ఏ స్కోపూ చెప్పలేదు. ఆ సంవత్సరం రోగే రాసి పెట్టుకోవాలి.

డాక్టర్లు చెప్పరని నేననడం లేదు. చాలామంది చెబుతారు. చెప్పే వేళే తప్పు. స్కోపుకు ముందు మత్తు ఇస్తారు. మిడజోలం లాంటి మందు తీసుకున్నవాళ్లకు లేచాక జరిగిన మాటలు కూడా గుర్తుండకపోవచ్చు. ఊ కొడతారు, ఇంటికెళ్లాక ఒక్క ముక్క గుర్తుండదు. మత్తుమందు ప్రమాదాల మీద 1888, 1889లలో నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిచిన ఊరిది. మత్తు దిగని మనిషికి మంచి చెడ్డలు చెప్పి పంపకూడదని ఈ ఊరికి వేరే ఎవరో నేర్పాలా?

బయాప్సీ కూడా వచ్చాక, ఒక రోజు పిలిచి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి, రెండు రిపోర్టులూ తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో చదివి చెప్పాలి. ఎంత దూరం, ఎంత తీవ్రం, మళ్లీ ఎప్పుడు రావాలి అన్న మూడు సంగతులు ఒక చీటీ మీద వాళ్ల భాషలో రాసివ్వాలి. ఓపీలో వందలమంది బయట నిలబడి ఉండగా డాక్టరుకు అంత తీరిక ఉండదు, నిజమే. హెచ్‌ఐవీకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌన్సెలర్లను పెట్టి ఎన్నో ఏళ్లయింది. వాళ్లు కూర్చుని ఓపికగా చెబుతారు, మందు మానకుండా చూస్తారు. జీవితాంతం మందు వాడాల్సిన పేగు జబ్బుకు ఆ ఏర్పాటు ఎందుకుండకూడదు? గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రెండు వేల పడకలు వస్తాయంటున్నారు. ఆ నక్షాలో ఎండోస్కోపీ గది పక్కనే తలుపున్న చిన్న గది ఒకటి, అందులో రెండు భాషలూ వచ్చిన ఒక కౌన్సెలర్‌ను ఇప్పుడే అడిగి రాయించుకోవాలి. గోడలు లేచాక అడిగితే జాగా లేదంటారు.