ఇల్లు – వాకిలి: పాత టైరును ఎక్కడ వాడాలి?



ఐదు వేలమంది తృప్తిగా తిన్న తరువాత మిగిలిన ముక్కలను కూడా ఏరి గంపలకెత్తమని మన ప్రభువు శిష్యులకు చెప్పారు. 12 గంపలు నిండినవి. దేనినీ వ్యర్థము చేయకూడదన్న ఆ పాఠము మన పెరటికి కూడా వర్తిస్తుంది. అక్కడ పడియున్న పాత ట్రాక్టరు టైరునే చూడండి. అందులో వాననీరు నిలిస్తే డెంగ్యూ తెచ్చే దోమలు గుడ్లు పెడతాయి. తగులబెడితే ఆ నల్లని పొగ పిల్లల ఊపిరితిత్తులకు హాని. పూడ్చిపెడితే ఏండ్లు గడచినా చివకదు.

అందుకే పాత టైర్లను యంత్రములతో ముక్కలు చేసి, లోపలి ఇనుప తీగలను తీసివేసి, పొడిగా మార్చి, ఇసుకలో కొంత భాగమునకు బదులుగా కాంక్రీటులో కలిపే పద్ధతి వచ్చింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో 1999 నుండి అటువంటి కాంక్రీటును కొన్నిచోట్ల వేసి పరీక్షించారు. ఇది మామూలు కాంక్రీటు కంటె తేలిక. దెబ్బ తగిలినప్పుడు పెళుసుగా పగలక, ఆ అదురును కొంత తనలో ఇముడ్చుకొంటుంది.

అయితే ఒక పెద్ద లోపమున్నది. రబ్బరు నీటిని అంటనీయదు గనుక సిమెంటు దానిని గట్టిగా పట్టుకొనలేదు. పైగా బరువు పడితే అది ఇసుకవలె, కంకరవలె నిలువక నొక్కుకుపోతుంది. 1993లో ప్రచురింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, ఇసుక అంతటికీ బదులు రబ్బరు పొడి వేసినప్పుడు కాంక్రీటు బరువు మోసే బలము సుమారు 65 శాతము తగ్గింది. కంకర అంతటికీ బదులు రబ్బరు ముక్కలు వేసినప్పుడు 85 శాతము వరకు తగ్గింది.

కాబట్టి ఇల్లు కట్టుకొనే కుటుంబములకు మా మనవి ఇది. ఖర్చు కలిసివస్తుందని ఎవరు చెప్పినా పునాదిలో, పిల్లర్లలో, బీములలో, స్లాబులో రబ్బరు పొడి కలుపనీయకండి. ఆ స్లాబు క్రింద నిద్రించేది మన పిల్లలు. మందిరపు ఆవరణలో నడకదారికో, వాకిట్లో పరచే బిళ్లలకో వాడదలిస్తే, పాళ్లు తెలిసిన ఇంజనీరుచేత నమూనా దిమ్మలు పోయించి, 28 రోజులు నీటిలో నాననిచ్చి, బలము పరీక్ష చేయించిన తరువాతనే వాడండి. ఇంట్లో కత్తితో కోసిన టైరు ముక్కలను మాలులో కలిపి చూడవద్దు.

ఈలోగా మనమందరము చేయగలిగిన పని ఒకటున్నది. పెరట్లోని టైర్లలో నిలిచిన నీళ్లు ఈ దినమే పారబోసి, వాటిని వాన తగలని చోటికి చేర్చి, తగులబెట్టక, పాత టైర్లు కొనే వర్తకునికి అప్పగించుదము.