గబ్బిలం ఎవరికి చుట్టం?

వర్గీకరణ అన్న మాట వినగానే తెలుగు పత్రికలు చదివేవారికి రిజర్వేషన్ల సంగతి స్ఫురిస్తుంది. నేను ప్రస్తావించదలచినది జీవుల వర్గీకరణ. బడిలో ఇది పేర్ల పట్టికగా పరిచయమై, పరీక్షతో ముగిసిపోయే పాఠం. రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని వల్లె వేస్తారు. ఆ అరలు ఎందుకు ఏర్పడ్డాయి, ఒక జీవిని ఆ అరలోనే ఎందుకు ఉంచారు అన్న ప్రశ్న మాత్రం తలెత్తదు. పరిణామాన్ని పక్కన పెట్టి చెప్పే వర్గీకరణ ఒక పదకోశమే తప్ప శాస్త్రం కాజాలదని నా అభిప్రాయం. ఇందుకు సాక్షిగా గబ్బిలాన్ని పిలుస్తాను.

గబ్బిలానికి ఉన్న చిక్కు మనందరికీ తెలిసినదే. రెక్కలున్నాయి గనుక మృగాలు తమలో చేర్చుకోలేదనీ, పళ్ళున్నాయి గనుక పక్షులు వెలివేశాయనీ పిల్లల కథలలో చదువుకున్నాము. 1941లో జాషువా తన కావ్యంలో, గుడిలోనికి అడుగు పెట్టరాని మనిషి గోడును శివునికి విన్నవించే పనిని ఈ పక్షి కాని పక్షికే అప్పగించారు. ఎవరికీ చెందని ప్రాణి అన్న భావన మన మనసులలో అంతగా నాటుకుని ఉంది.

మన పూర్వులు జీవులను పుట్టుక తీరునుబట్టి జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని నాలుగు విధాలుగా చెప్పారు. ఈ లెక్కన గబ్బిలం పిల్లను కంటుంది గనుక ఆవుతోనూ మనిషితోనూ చేరుతుంది. అది సరైన చోటే. అయితే అదే లెక్కన చేప, నాగుపాము, నెమలి మూడూ ఒకే అరలో పడతాయి. ఏ గుర్తును ప్రధానంగా ఎంచుకుంటే ఆ గుర్తును బట్టి అరలు మారిపోతాయి. ఇంతకూ ఏ గుర్తు నమ్మదగినది?

స్వీడన్ దేశీయుడైన లినేయస్ 1758లో వెలువరించిన గ్రంథంలో పాలిచ్చి పెంచే జంతువులన్నిటినీ ఒక విభాగంగా చేర్చి, అందులో గబ్బిలాన్ని మనిషి, కోతులు ఉన్న క్రమంలోనే కూర్చోబెట్టాడు. ఛాతీ మీద రెండు స్తనాలుండటం ఆయన చూసిన గుర్తులలో ఒకటి. ఆయన దృష్టిలో అది సృష్టికర్త సర్దిపెట్టిన క్రమాన్ని చదివి రాసుకోవడం. పోలిక కనిపించింది, ఆ పోలిక ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ గ్రంథంలో చోటు లేదు.

జవాబు 1859లో డార్విన్ పుస్తకంతో వచ్చింది. ఆ పుస్తకం మొత్తంలో ఉన్న బొమ్మ ఒక్కటే: కొమ్మలుగా చీలుతూ పోయే వంశవృక్షం. జీవుల మధ్య పోలికలకు అసలు కారణం ఉమ్మడి పూర్వీకులని ఆయన వాదన. మనిషి చేతిలోను, గుర్రం కాలిలోను, తిమింగలం తెడ్డులోను, గబ్బిలం రెక్కలోను ఉన్నది ఒకే ఎముకల అమరిక. గబ్బిలం రెక్క అంటే బాగా సాగిన నాలుగు వేళ్ళ మధ్య పరచుకున్న చర్మం. బొటనవేలు మాత్రం కొక్కెంలా విడిగా ఉంటుంది. పక్షి రెక్క తీరు వేరు. అక్కడ వేళ్ళు తగ్గి, కలిసిపోయాయి. ఎగరడానికి ఆధారం ఈకలు. ఎగిరే విద్యను ఈ రెండు వంశాలూ ఎవరికి వారుగా సంపాదించుకున్నాయి. వారసత్వంగా వచ్చిన పోలిక వేరు, ఒకే పని చేయడం వల్ల వచ్చిన పోలిక వేరు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం కలవదని మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ చుట్టరికాన్ని పరీక్షించడానికి ఇప్పుడు డి.ఎన్.ఎ. ఉంది. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు కోతుల వంశానికి దగ్గరివని 1980లలో కొందరు గట్టిగా వాదించారు. డి.ఎన్.ఎ. ఆ వాదాన్ని నిలవనీయలేదు. గబ్బిలాలన్నీ ఒకే వంశమనీ, అవి పిల్లి, గుర్రం, ఆవు, తిమింగలం ఉన్న పెద్ద కొమ్మకు చెందినవనీ తేలింది. చెట్టుకు వేలాడే గబ్బిలం కంటె కలుగులోని ఎలుకే మనకు దగ్గరి చుట్టం! మరొక వింత: శబ్దపు ప్రతిధ్వనితో దారి వెతుక్కునే చిన్న గబ్బిలాలన్నీ ఒక శాఖ, పెద్దవి వేరొక శాఖ అన్న పాత విభజన కూడా చెల్లలేదు. ఆ చిన్నవాటిలో కొన్ని పెద్ద గబ్బిలాలకే దగ్గరి బంధువులు. వంశవృక్షం గనుకనే దీనిని తప్పని నిరూపించవచ్చు, సరిదిద్దవచ్చు. ఊరికే పేర్ల పట్టిక అయితే తప్పొప్పుల ప్రసక్తే ఉండదు.

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. లినేయస్ అదే గ్రంథంలో మనుషులను కూడా రంగును, ఖండాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క స్వభావాన్ని అంటగట్టాడు. అరలు గీయడం అలవాటైన చేయి మెట్లు కట్టడానికి ఎంతోసేపు పట్టదు. పుట్టుకతో హెచ్చుతగ్గులు నిర్ణయించిన మన దేశానికి ఈ సంగతి కొత్త కాదు. వంశవృక్షంలో మెట్లు లేవు. 350 కోట్ల ఏళ్ళకు పైబడిన ప్రయాణం గబ్బిలానిదీ మనదీ కూడా. ఈనాడు బతికి ఉన్న ప్రతి జీవీ ఒక కొమ్మ చివరనే ఉంది. అక్కడ దగ్గరితనం, దూరం ఉంటాయే గాని అధికుడు, అధముడు ఉండరు.

2022లో పాఠ్యభాగాల కుదింపు పేరుతో ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి నుండి జీవవైవిధ్యపు వర్గీకరణ పాఠాన్ని, పదో తరగతి నుండి పరిణామ భాగాన్ని తొలగించాలని నిర్ణయించింది. 2023లో పుస్తకాలు ఆ మార్పులతో వెలువడినప్పుడు ఎందరో శాస్త్రజ్ఞులు నిరసించారు. పన్నెండో తరగతిలో పరిణామం ఉంది కదా అని సమాధానం వచ్చింది. ఉన్నమాట నిజమే, కాని అది జీవశాస్త్రం ఎంచుకున్నవారికి మాత్రమే. లెక్కలు, వాణిజ్యం, సాహిత్యం వైపు వెళ్ళే బిడ్డకు ఆ మాట చెవిన పడే చివరి అవకాశం పదో తరగతే.

పిల్లల మీద బరువు తగ్గించాలన్న వాదనను నేను తోసిపుచ్చను. బరువు నిజంగానే ఉంది. అయితే బరువైనవి ఆ పేర్లు. వాటిని మోయగలిగే శక్తినిచ్చేది చుట్టరికం. మేనత్త ఎవరో, పినతండ్రి ఎవరో తెలిసిన పిల్లవాడు పెళ్ళింట యాభై మందినైనా ఇట్టే గుర్తుపెట్టుకుంటాడు. వరసలు చెప్పకుండా యాభై పేర్లు అప్పగించమంటే తెల్లమొహం వేస్తాడు. కోయవలసి వస్తే పేర్లలో పది కోయండి. వరసలు చెప్పే పాఠాన్ని మాత్రం ఉంచండి.