గూడెం కుక్కకి సూది ఎవరేస్తారు?



2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల మీద ఉత్తర్వు ఇచ్చిన దగ్గర్నుంచి మన ఫోన్లనిండా కుక్కల గొడవే. అన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమన్నారు. పదకొండు రోజులు తిరక్కుండా మాట మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలమన్నారు. కుక్కల్ని ప్రేమించేవాళ్లు ఒక పక్క, కుక్కంటే పడనివాళ్లు ఇంకో పక్క. ఈ రెండు పక్షాల మాటల్లోనూ మన గూడెం కుక్క లేదు. అది వీధికుక్క కాదు, బెల్టు కట్టి పెంచే కుక్కా కాదు. దానికి పేరుంటుంది, గొలుసుండదు. పగలంతా గూడెం అందరిదీ, రాత్రైతే పోడు కాసేవాడిది. అంబలి మిగిలితే అంబలి, పండక్కి మేక కోస్తే పేగులు. దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి మనమే మాట్లాడుకోవాలి.

మేం అంటే చోడవరంలో హాస్టళ్లలోనూ, అద్దెగదుల్లోనూ ఉండి చదువుకుంటున్న కొండ పిల్లలం. కొందరిది పాడేరు ఘాటీ పైన. కొందరిది మాడుగుల, చీడికాడ, రావికమతం, రోలుగుంట వైపు కొండల అంచున ఉన్న గూడేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పైవాళ్లం అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాం, కిందివాళ్లం అనకాపల్లి జిల్లా అయ్యాం. కింద చాలా గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవన్న గొడవ మీకు కొత్త కాదు. కుక్కల సంగతిలో మాత్రం పైనా కిందా ఒకటే. పశువుల డాక్టరు రాక రాక వస్తే ఆవుకి, మేకకి సూది వేసి వెళ్తాడు. కుక్క పక్కనే తోక ఊపుకుంటూ నిలబడి చూస్తుంది.

మా లెక్క ఇది. కుక్క కరిస్తే ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో చర్మంలో వేసే పద్ధతిలో నాలుగు రోజులు సూదులు వేస్తారు. కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండకి వేస్తే 14వ రోజు కూడా కలిపి ఐదు. పట్నంలో ఉన్నవాడికి ఇది ఆటో చార్జీ. మనకి మాత్రం నాలుగుసార్లు కొండ దిగటం, నాలుగుసార్లు ఎక్కటం. పిల్లాడితో పాటు పెద్దమనిషి ఒకరు పని మానుకోవాలి. గెడ్డ పొంగితే ఆ రోజు పోయినట్టే. డోలీ కట్టి మోసుకెళ్లే దారులున్న చోట 28వ రోజు సూదికి ఎంతమంది దిగుతారో మీరే చెప్పండి. గాయం లోతుగా ఉంటే టీకా ఒక్కటే చాలదు, గాయంలోకి సీరం కూడా ఎక్కించాలి. దానికి చాలాసార్లు ఇంకా పెద్ద ఆసుపత్రికి వెళ్లమంటారు.

అదే కుక్కకి ముందే టీకా వేస్తే ఏడాదికి ఒక్క సూది. అది కూడా కుక్క దిగక్కర్లేదు, సూదే ఎక్కుతుంది. మందుపెట్టె ఒక్కసారి కొండెక్కటం సులువా, కరిచిన ప్రతి పిల్లాడూ నాలుగుసార్లు దిగటం సులువా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు లేక ఇన్నాళ్లూ కుక్క టీకా పట్నంవాళ్ల ముచ్చటగా మిగిలిపోయింది.

రేబిస్ గురించి కొంచెం వివరంగా రాస్తాం, ఎందుకంటే 'పిచ్చికుక్క' అన్న మన మాటే మనల్ని మోసం చేస్తోంది. ఆ మాట వినగానే నోట్లో నురగ, ఎర్రటి కళ్లు, కనిపించినవాళ్లనల్లా తరిమే కుక్క గుర్తొస్తుంది. అలాంటిది కనిపిస్తే ఎవడైనా చెట్టెక్కుతాడు. రెండో రకం ఉంది, అదే ఎక్కువ మోసం చేసేది. ఆ కుక్క ఎవర్నీ తరమదు. మూలన పడుంటుంది. కింద దవడ వేలాడిపోతుంది, చొల్లు కారుతుంది, మింగలేదు, గొంతు మారిపోతుంది. చూసినవాళ్లు "పాపం, ఎముక అడ్డం పడిందిరా" అని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. చేతి మీద చిన్న గీత ఉంటే చాలు, ఆ చొల్లుతో జబ్బు ఎక్కుతుంది. ఈ ఒక్క పేరా చదివి మీ ఇంట్లో చెప్పినా చాలు అనిపిస్తుంది మాకు.

లోపలికెళ్లిన వైరస్ రక్తంలో పరిగెత్తదు. నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. ఎక్కువమందిలో ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. ఆ నడక పూర్తయ్యేలోపు టీకా పనిచేస్తే బతుకుతాం. నీళ్లు చూసి గొంతు పట్టేసిందంటే ఇక ప్రపంచంలో ఎక్కడా చెప్పుకోదగ్గ మందు లేదు.

పసరు సంగతి కూడా మాట్లాడుకోవాలి. దిసారిని గానీ, పసరు వైద్యుణ్ణి గానీ వెక్కిరించటానికి కాదు. కొండ మీద ఎముక కట్టినవాళ్లు, కాన్పులు చేసినవాళ్లు వాళ్లే. కానీ కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. ఉండనప్పుడు పసరు పోసినా బతుకుతాడు, ఏమీ పొయ్యకపోయినా బతుకుతాడు. పేరు మాత్రం పసరుకి వస్తుంది. ఆ పేరు చూసి వెళ్లిన పదిమందిలో ఒకణ్ణి కరిచింది నిజంగా జబ్బు కుక్కైతే వాడు రెండు నెలలకి పోతాడు, అప్పటికి కాటు సంగతే అందరూ మర్చిపోయి ఉంటారు. గాలి సోకిందంటారు. గాయానికి సున్నం, కారం, కాఫీపొడి పెట్టటం ఇంకా ఘోరం. ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గెడ్డ నీళ్లయినా పర్వాలేదు, నీళ్లు పారుతూ ఉండాలి. కడిగాక దిసారి దగ్గర మంత్రం వేయించుకుంటారా, వేయించుకోండి, కానీ అదే పూట ఆసుపత్రికి దిగండి. ఇంకో మాట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని తాతలు భయపెడతారు కదా, గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందుని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పటి సూదులు చేతికే వేస్తారు.

రేబిస్ ఒక్కటే కాదు. పార్వో గురించి చెప్పాలి, ఎందుకంటే మన గూడేల్లో ఒక ఈత పిల్లలన్నీ వారంలో పోతే "దిష్టి తగిలింది" అనుకుంటాం. కూన వాంతి చేసుకుని, రక్తంతో, భరించలేని వాసనతో విరేచనం అవుతుంటే అది పార్వో. జబ్బు కన్నా ఒంట్లో నీరు పోవటమే ముందు చంపుతుంది. సెలైన్ అందితే చాలా కూనలు బతుకుతాయి. ఆ వైరస్ మట్టిలో నెలలపాటు బతికే ఉంటుంది, అందుకే పోయినచోటే మళ్లీ కూనని తెచ్చి కడితే అదీ పోతుంది. డిస్టెంపర్ వేరు. కళ్లూ ముక్కూ పుసులు కడతాయి, దగ్గు, తర్వాత వణుకు, దవడ కొట్టుకోవటం, ఫిట్సు. దీన్ని చూసి పిచ్చి పట్టిందని కర్రలతో కొట్టేస్తారు. డిస్టెంపర్ మనిషికి రాదు. కానీ రెండిటికీ తేడా బయటనుంచి చూసి తేల్చటం మన పని కాదు, కుక్కని దూరంగా కట్టి డాక్టరుకి చెప్పటం మన పని. అడవి జంతువులకి మాత్రం డిస్టెంపర్ సోకుతుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోతే వాటిలో కొన్నిటికి ఈ వైరసే దొరికింది.

గజ్జికి కాలిన ఇంజనాయిల్ పూయటం మానాలి, కుక్క నాకి విషం తింటుంది. పిడుదులకి చేను మందు కొట్టటం అంతకన్నా దారుణం. పిడుదులతో వచ్చే జ్వరానికి ముక్కునుంచి రక్తం కారుతుంది, చౌకగా దొరికే మాత్రలతోనే తగ్గుతుంది, డాక్టరు మోతాదు చెప్పాలంతే.

మేక కోసినప్పుడు కాలేయం మీదా, ఊపిరితిత్తుల మీదా నీటి బుడగలు కనిపిస్తే ఆ ముక్క కోసి కుక్కకి విసిరేస్తాం. ఆ బుడగలో ఉన్నది బద్దెపురుగు పిల్లలు. కుక్క కడుపులో అవి పెద్దవై గుడ్లు పెడతాయి, గుడ్లు పెంటతో మట్టిలో కలుస్తాయి, ఆ మట్టిలో ఆడిన పిల్లాడి కాలేయంలో కొన్నేళ్లకి అవే బుడగలు లేస్తాయి. ఆపరేషన్‌దాకా పోతుంది. ఆ ముక్కల్ని కాల్చండి, లేదా లోతుగా పాతండి. దీనికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

ఇక అడగాల్సింది. గాలికుంటు టీకాని 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, పందులకి ఉచితంగా వేస్తున్నారు. ఆ లెక్కలో కుక్క లేదు. గాలికుంటు మందుని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఐసుపెట్టెలో మోసుకొస్తారు. రేబిస్ మందుకీ కావాల్సింది అదే చల్లదనం. ఆ పెట్టెలోనే రేబిస్ మందు కూడా పట్టుకొస్తే డాక్టరుకి అదనపు నడక ఏముంది? ఏటా జూలై 6న, పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా వేస్తారు. మంచిదే. కానీ చోడవరందాకా గూడెం కుక్కని ఎవడు తెస్తాడు? బస్సెక్కనిస్తారా? ఆ రోజు మందు సంతకి రావాలి, సంతలనుంచి గూడెంకి రావాలి.

ఇది కాని పనేమీ కాదు. గోవాలో ఊరూరా తిరిగి కుక్కలకి టీకాలు వేశారు, 2021లో దాన్ని రేబిస్ అదుపులోకి వచ్చిన రాష్ట్రంగా ప్రకటించారు. నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే జబ్బు పాకటం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2030కల్లా కుక్కల వల్ల వచ్చే రేబిస్ లేకుండా చేస్తామని మన కేంద్ర ప్రభుత్వమే 2021 సెప్టెంబరులో ప్రణాళిక రాసుకుంది. ఆ డెబ్బైలో గూడెం కుక్కలు ఉండాలంటే ముందు మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కుండాలి. ఆ లెక్క పైనుంచి రాదు.

అందుకని ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. గూడెంలో కుక్కలెన్ని, కూనలెన్ని, ఎవరింటి చుట్టూ తిరుగుతాయి, పోయిన ఏడాది ఎవర్ని కరిచాయి, వాళ్లు ఎన్ని సూదులు వేయించుకున్నారు, ఇవి రాయండి. మూడు నెలలు దాటిన ప్రతి కుక్కా లెక్కే. అన్ని గూడేలదీ కలిపి పశుసంవర్ధక శాఖకీ, ఐటీడీఏకీ అర్జీ పెడదాం. అర్జీలో గూడెం పేరు, దారి ఎంతదూరం, ఎన్ని సీసాల మందు కావాలో కూడా ఉంటే "చూద్దాంలే" అనటం వాళ్లకి కష్టం.

రాసేటప్పుడు కుక్క పేరు పక్కన దాన్ని పేరుపెట్టి పిలిస్తే వచ్చే పిల్లాడి పేరు కూడా రాయండి. సూది రోజున దాని మెడ పట్టుకోవాల్సింది వాడే.