వేరు బుడిపెలు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో రబీ కాలాన శనగ పైరు పచ్చగా పరచుకొంటుంది. పులివెందుల రైతుకు వేరుశనగ చిరకాల నేస్తం. ఈ మొక్కలను వేళ్ళతో పెకలించి చూస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవి తెగులు కావు. రైజోబియం వంటి బాక్టీరియాల నివాసాలు. మొక్క వాటికి ఆహారమిస్తుంది. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఋణం తీర్చుకొంటాయి.

1888లో డచ్ శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఈ బాక్టీరియాను వేరుచేశాడు. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు శనగ బాక్టీరియాకు దగ్గరి బంధువైన ఒక మీసోరైజోబియం జన్యువులను పూర్తిగా చదివారు. దాని ప్రధాన క్రోమోజోమే సుమారు 70 లక్షల అక్షరాల గ్రంథం! బుడిపెలు కట్టే జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి తరలిపోగలవని 1995లో న్యూజిలాండ్ పరిశోధన తెలిపింది. అట్లా అందుకొన్న బాక్టీరియాలన్నీ నత్రజనిని సమర్థంగా అందించలేవు.

కనుక ఒకే కల్చర్ పొట్లం అన్ని నేలలకూ సరిపోతుందనుకోవడం పొరపాటు. ఏ నేలలోని బాక్టీరియా ఆ నేలకు మేలైనదో పరీక్షించి రైతుకు అందించాలి. నేలలో నత్రజని మితిమీరితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. అప్పుడు అనవసరంగా చల్లిన యూరియా సంచి అప్పుగానే మిగులుతుంది. కరవు సీమలో అప్పు ఎంత బరువో చెప్పనక్కరలేదు. ప్రయోగశాలలో చదివిన జన్యుభాష పొలం గట్టుకు చేరినప్పుడే విజ్ఞానం సార్థకం. ఆ వారధి కట్టవలసినది రైతు బిడ్డలైన నేటి విద్యార్థులే.