రాకెట్ రెక్కకు ఏ జిగురు?
చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన ఆగస్టు 23ను 2024 నుంచి జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో జరిగే పోటీల కోసం విశాఖ పిల్లలు అట్టగొట్టాలతో, బాల్సా చెక్కతో రాకెట్ నమూనాలు చేస్తుంటే చూడటం నాకెంతో ఇష్టం. వాళ్ల చేతికి ఫెవిక్విక్ ఇవ్వడం మాత్రం వద్దంటాను. క్షణాల్లో అతుకుతుంది నిజమే, కానీ ఆ అతుకు పెళుసు. రాకెట్ నేలను తాకిన దెబ్బకే రెక్క ఊడిపోవచ్చు. పైగా అది తేమతో గట్టిపడే జిగురు, మన సముద్రపు గాలిలో వంకర రెక్కను సరిచేసుకునే వ్యవధి కూడా దొరకదు. వేళ్లు అంటుకుంటాయి, దాని ఆవిరికి కళ్లు మండుతాయి. అట్టకూ చెక్కకూ తెల్ల ఫెవికాలే సరైనది. అది పీచుల్లోకి ఇంకి ఆరాక గట్టిగా లాగితే అట్ట పొర చిరుగుతుంది గానీ అతుకు వదలదు. రెక్క అంచుకు పల్చగా రాసి, గొట్టానికి అద్ది తీసి, కాస్త ఆరనిచ్చి, మళ్లీ రాసి నొక్కిపట్టాలి. చిక్కల్లా అందులోని నీటితోనే. వానాకాలపు విశాఖలో ఆ నీరు త్వరగా పోదు, రాత్రంతా ఆగాల్సిందే. ఫెవికాల్ వేడికి మెత్తబడుతుంది కనుక మోటారు గొట్టం దగ్గర రెండు ట్యూబుల ఆరల్డైట్ మేలు, దాన్ని పెద్దలే కలపాలి. అసలు రాకెట్లకూ అతుకు కావాలి: చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం3 రాకెట్ పక్క బూస్టర్లలోనూ ఇంధనపు పొడిని ముద్దగా పట్టి ఉంచింది హెచ్‌టీపీబీ అనే రబ్బరులాంటి బంధకమే. ఉపాధ్యాయులకు నా మనవి: జిగురు ఆరాలి కనుక ఒక్క పూటలో పోటీ ముగించకండి, అతికించడానికి ఒక రోజు, ఎగరేయడానికి మరో రోజు ఇవ్వండి.